నేను తుడిచిన వాల్వులు

మా మంచం కింద ఒక బిస్కెట్ల రేకుడబ్బా ఉండేది. కిరాణా దుకాణాల్లో వాడే పెద్ద రకం. అందులో పాత చీర ముక్కల్లో చుట్టిన వాల్వులు ఇరవై దాకా ఉండేవి. వాల్వు అంటే బొటనవేలంత గాజు బుడ్డి. లోపల సన్నటి రేకులు, కింద సూదుల్లాంటి కాళ్ళు. కరెంటు తగిలితే కడుపులో ఎర్రగా వెలుగుతుంది. పాత రేడియోలూ మైకుసెట్లూ వాటితోనే పలికేవి. నేను కాపురానికి తెచ్చుకున్న సామాను ఎక్కడ పెట్టానో కూడా చూడని మా ఆయన ఆ డబ్బాను మాత్రం వానాకాలం రాగానే మంచం మీదికి ఎక్కించేవాడు.

పెళ్ళికి ముందు ఆయన ఉప్పల్‌లో ఒక మైకుసెట్టు దుకాణంలో పనిచేశాడు. పెళ్ళిళ్ళకూ మీటింగులకూ హారన్లు కట్టడం, చెడిపోయిన యాంప్లిఫయర్లు బాగుచేయడం. చేతిలో ఇమిడే కొత్త రకం సెట్లు వచ్చాక ఆ దుకాణం మూతపడింది. యజమాని జీతం బదులు ఆ డబ్బా ఇచ్చి పంపాడట. తర్వాత నాచారంలో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే చిన్న యూనిట్లో చేరాడు. ఆయనది ప్రెస్సు సెక్షన్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇనుప రేకులను ముక్కలుగా గుద్దే మిషన్ పక్కన నిలబడాలి. నాది అదే యూనిట్లో వైండింగ్ సెక్షన్. రాగి తీగను బాబిన్ మీద చుట్టేదాన్ని. ఆయన గుద్దిన ముక్కలను నేను చుట్టిన చుట్టలో దూర్చి బిగిస్తే ట్రాన్స్‌ఫార్మర్ అయ్యేది. కొన్ని ముక్కలు దువ్వెనలా ఉండేవి, కొన్ని అడ్డపట్టీలా. వాటిని అందరూ ఇంగ్లీషు అక్షరాల పేర్లతో పిలుస్తుంటే అవే వాటి పేర్లు కాబోలనుకుని నేనూ అలాగే పిలిచేదాన్ని. అవి అక్షరాలని నాకు తెలియదు. అప్పటికి నాకు తెలుగులో ‘అ’ కూడా రాదు.

చదువు రాకపోయినా పనిలో నాకు లోటు లేదు. మిషన్ మీది లెక్క చూపే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. వంద చుట్లకు ఒక చింతగింజ స్టీలు గ్లాసులో వేసుకుంటూ పోయేదాన్ని. ఒక్క చుట్టు తేడా వచ్చేది కాదు. తీగ ఏ సైజుదో వేళ్ళ మధ్య రుద్ది చెప్పేదాన్ని. మా సూపర్‌వైజరుకు ఒక పట్టుదల ఉండేది. ముక్క ఏదైనా సరే, బయటికి వెళ్ళే ముందు థిన్నరులో ముంచిన గుడ్డతో మరక లేకుండా తుడవాలి. వార్నిష్ చుక్క గానీ పెన్ను గీత గానీ కనపడితే ఊరుకునేవాడు కాదు.

“మరకుంటె మాల్ వాపస్ వస్తది. అద్దం లెక్క మెరవాలె, నీ మొకం అండ్ల కనవడాలె,” అనేవాడు.

“నా మొకం సూస్తె ఇంకా జల్దీ వాపస్ వస్తది సార్,” అని మా పక్క మిషన్ ఆమె అనేది. అందరం నవ్వేవాళ్ళం. తుడవడం మాత్రం ఎవరూ మానేవాళ్ళం కాదు. పన్నెండేళ్ళు తుడిచాక చేతికి అదే అలవాటైంది. ఇంట్లో గ్యాసుపొయ్యి మీద చుక్క కనపడినా చెయ్యి గుడ్డ కోసం వెతికేది.

తొంభైల మొదట్లో మా యూనిట్ యజమాని ప్రెస్సు సెక్షన్ ఎత్తేస్తున్నానని చెప్పాడు. రేకు ముక్కలు బయట తయారై దొరుకుతున్నాయట. దసరా దాకా పని ఉంటుంది, ఆ తర్వాత లేదు. కావాలంటే పక్క రోడ్డులో మందుల కంపెనీ గేటు దగ్గర కాపలా పని ఇప్పిస్తానన్నాడు. మా ఆయన ఆ మాట ఇంట్లో చెప్పి, “గేటు కాడ కర్ర వట్టుకోని గూసునుడా? నేను మెకానిక్‌ను,” అన్నాడు. అన్నాక చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినలేదు.

గిటారు మాస్టర్ మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన లాలాగూడ రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రాలలో గిటారు వాయించేవాడు. మైకుసెట్టు దుకాణం నాటి నుంచి మా ఆయనకు ఎరుక. ఒక ఆదివారం చర్చి అయ్యాక, ఆటోలో టీవీ అంత పెట్టె పెట్టుకుని వచ్చాడు. గిటారు శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్ అది. బొంబాయి నుంచి బామ్మర్ది పంపించాడట. ఫారిన్ సరుకు, కొత్తది.

“పది బటన్లున్నయ్. ఒక్కటి గూడ నా మాట ఇనది,” అన్నాడు మాస్టర్. “తీగె ముట్టుకుంటె చాలు, గ్రైండర్ల గులకరాళ్ళేసినట్టు మొత్తుకుంటది. నా పాతది షెడ్డుల కాలిపోయింది, నీకెర్కే గద. గా గొంతు నాకు మల్ల గావాలె. జేస్తవా?”

మా ఆయన వెనక చెక్క విప్పి లోపలికి తొంగిచూశాడు. పచ్చటి బోర్డు, దాని మీద చీమల్లా బారులు తీరిన సామాను. ఆయన ముఖం అట్లా వెలగడం నేను చూసి చాలా ఏళ్ళయింది.

“ఇది గూడ వాల్వులదే సార్. గని శబ్దం పెంచెతందుకు నాలుగు వాల్వులు ఒకదాని ఎనక ఒకటి వెట్టిన్రు. అందుకే గా మొత్తుకునుడు. పాతవాట్ల రెండే ఉంటుండె. బోర్డు పీకేస్త. పాత పద్ధతిల చేత్తోని తీగెలు అతికిస్త. బటన్లు మూడే ఉంచుత. కరెంటు మార్చే కాడ గూడ డయోడ్లు తీసి వాల్వు వెడ్త. గప్పుడు గట్టిగ కొడితె గొంతు జర వంగి లేస్తది.”

“ఆఁ, గదే! వంగి లేసుడు!” మాస్టర్ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. “ఇది మంచిగ జెయ్యి. ఆర్కెస్ట్రాలోళ్ళ డబ్బాలన్ని నీ ఇంటి ముంగట లైను గట్టకుంటె నా పేరు మార్చుకుంట.”

ఆయన వెళ్ళాక మా ఆయన సైకిలు మీద వెళ్ళి ఒక రేకు పలక తెచ్చాడు. రెండు అడుగుల పొడవు. దానికి తెల్లరంగు వేసి గోడకు ఆనించాడు. రాతలు తర్వాత రాయిస్తాడట. ఈ పెట్టె పలికితే దాన్ని దుకాణం బోర్డుగా గుమ్మం మీద కడతాడు, గేటు పనికి పోడు. అంతకు మించి మేము ఏమీ మాట్లాడుకోలేదు.

నెలరోజుల పైన పట్టింది. యూనిట్ నుంచి రాగానే చాప మీద కూర్చునేవాడు. నాకు చదువు రాదు గానీ రంగులు వచ్చు. రెసిస్టర్ల మీద ఉండే పట్టీలను చూసి, “పసుపు, ఊదా, ఎరుపు” అంటే ఏరి చేతిలో పెట్టేదాన్ని. కొత్తగా పెట్టే కరెంటు వాల్వుకు అయిదు వోల్టులు విడిగా కావాలి. ఆ పెట్టెలో అది లేదు. దానికో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నేనే సూపర్‌వైజరును అడిగి, మధ్యాహ్నం అన్నం వేళలో మిగులు తీగతో చుట్టాను. మీటరు పెట్టి చూసి మా ఆయన, “సరిగ్గ అయిదు. నీ చింతగింజలకు దండం,” అన్నాడు. పన్నెండేళ్ళలో నా పనిని ఆయన మెచ్చుకున్నది ఆ ఒక్కసారే అనుకుంటాను.

పెట్టెతో వచ్చిన కొత్త వాల్వులకు బదులు తన పాతవే పెట్టాలని, అప్పుడప్పుడు డబ్బా తీసి, ఒక్కో వాల్వును కిటికీ వెలుతురులో తిప్పి చూసేవాడు. “ఇది మంచిది. ఇది మొత్తుకుంటది. ఇది ఊరికె బుస గొడ్తది,” అని తనలో తాను అనుకుంటూ మళ్ళీ చుట్టిపెట్టేవాడు. చూడగానే ఎట్లా తెలుస్తుందో నాకు వింతగా ఉండేది. లోపలి రేకులను చూసి చెబుతున్నాడనుకున్నాను.

ఇక వాల్వులు పెట్టడమే మిగిలిందన్న వారం, మా యూనిట్‌కు కరెంటు లేని రోజు వచ్చింది. ఆయన ఫ్యూజుల కోసం కోఠికి వెళ్ళాడు. నేను ఇంట్లో ఒక్కదాన్నే. పెట్టె తయారై కూర్చుంది, కొత్త రేకు, కొత్త తీగలు. అందులో పెట్టే వాల్వులేమో మసి పట్టి, మరకలతో ఉన్నాయి. గాజు మీద తెల్లటి అరిగిన గీతలు, వాటి కింద నల్ల ఇంకు మరకలు. మాస్టర్ చూస్తే ఏమనుకుంటాడు అనిపించింది. యూనిట్ నుంచి తెచ్చిన థిన్నర్ సీసా అటక మీద ఉంది. డబ్బా మొత్తం చాప మీద పరిచి, ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచాను. ఒక్కదాన్నీ వదలలేదు. తువ్వాల మీద వరుసగా పేర్చాను. కిటికీ ఎండ పడి అన్నీ మెరుస్తున్నాయి. నా ముఖం వాటిలో కనపడింది.

ఆయన వచ్చి చెప్పులు విడవకుండానే చూశాడు. ఒకటి తీసి తిప్పాడు. పక్కది తీశాడు. తర్వాతది. అన్నీ చూశాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

“వీటి మీది రాతలేవి?”

“ఏం రాతలు? మరకలుంటె తుడిచిన.”

“తెల్లయి నెంబర్లు. నల్లయి నా రాతలు.”

“నాకేం ఎర్క? చెప్పినవా నువ్వు?”

“నెంబర్లు పోతె పోయినయ్, మీటర్ వెట్టి ఏది ఏదో వట్టుకుంట. నా రాతలు యాడికెల్లి తేవాలె?”

అప్పుడు చెప్పాడు. దుకాణంలో ఉన్న రోజుల్లో ఒక్కో వాల్వునూ సెట్టులో పెట్టి, పెన్సిలుతో గాజు మీద తట్టి, చెవి పెట్టి విని, దాని గుణం నల్ల ఇంకులో ముంచిన పుల్లతో గాజు మీద రాసుకున్నాడట. ఏది నిమ్మళంగా ఉంటుందో, ఏది తడితే గంటలా మోగుతుందో, ఏది బుసకొడుతుందో. ఇరవై ఏళ్ళ కింద విన్నది.

“అయితె మల్ల తట్టు, మల్ల ఇను, మల్ల రాయి. ఏం మునిగింది?” అన్నాను.

ఆయన నా ముఖం వంక చూసి, మీటరు అందుకున్నాడు. కోపమనుకున్నాను. ఆయన అట్లా ఊరుకోవడం నాకు కొత్త కాదు. కొన్నేళ్ళుగా వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పొయ్యి దగ్గర నుంచి రెండుసార్లు, మూడుసార్లు పిలిచి, విసిగి, ఎదురుగా వెళ్ళి నిలబడితే అప్పుడు, “ఏంది?” అనేవాడు. అది మగాడి టెక్కు అని నేను లోపల్లోపల ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు.

రెండు రోజులు మీటరు పెట్టి వాల్వులను రకాల వారీగా విడదీశాడు. నెంబర్లు మళ్ళీ రాశాడు. వాటి కింద జాగా ఖాళీగా ఉంచాడు. ఆ తర్వాతి ఆదివారం మాస్టర్ గిటారు తీసుకుని వచ్చాడు.

పెట్టెను స్టూలు మీద పెట్టారు. వాల్వులు ఎర్రబడ్డాయి. మాస్టర్ తీగ మీటాడు. శబ్దం వచ్చింది, లావుగా, మునుపటి గులకరాళ్ళు లేకుండా. కానీ ప్రతి దెబ్బ వెనకా సన్నటి మోత ఒకటి సాగుతూ ఉంది. స్టీలు పళ్ళెం అంచు మీద గోరుతో కొట్టినట్టు, ఆ తర్వాత చెవి పక్క దోమలా. నా పళ్ళు జివ్వుమన్నాయి. మాస్టర్ ముఖం చిట్లించుకున్నాడు.

మా ఆయన నవ్వుతూ ఉన్నాడు. “ఎట్లున్నది సార్? గా పాత గొంతే గద?”

మాస్టర్ మళ్ళీ మీటాడు. ఆ మోత మళ్ళీ సాగింది. ఆయన చెయ్యి తీగల మీద పెట్టి ఆపినా అది ఇంకా సన్నగా పలుకుతూనే ఉంది. మా ఆయన అదే నవ్వుతో ఆయన మాట కోసం చూస్తున్నాడు.

“నీకు ఇనవడ్తలేదా?” అన్నాడు మాస్టర్ నెమ్మదిగా.

“ఏంది సార్?”

“సీటీ. సన్నగ ఈల ఏసినట్టు మోగుతలేదా?”

మా ఆయన పెట్టె దగ్గరికి వంగి చెవి ఆనించాడు. అక్కడే ఉండిపోయాడు. ఆ వంగిన మెడను చూస్తే నాకు అర్థమైంది. వెనక నుంచి పిలిచిన పిలుపులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. హారన్ల ముందు పదేళ్ళు, ప్రెస్సు పక్కన పన్నెండేళ్ళు. లావు శబ్దాలు వినపడతాయి, సన్నవి పోయాయి. ఆయనకు ఆ సంగతి తెలుసు. అందుకే ఆ రాతల మీద ఆధారపడ్డాడు. తన చెవులు బాగున్నప్పుడు రాసుకున్నవి. నేను వాటినే తుడిచేశాను.

ఆయన్ను అట్లా వంగనిచ్చి చూస్తూ ఉండలేకపోయాను. “గా ఎడమ పక్కది,” అన్నాను. “దాన్ని తియ్యి.”

తీశాడు. ఇంకొకటి పెట్టాడు. పెన్సిలు నా చేతికి మాస్టరే ఇచ్చాడు. తట్టి విన్నాను. ఒకటి గంటలా మోగింది, ఒకటి తాలింపులా చిటపటలాడింది, ఒకటి ఊరికే బుసకొట్టింది. నేను తల అడ్డంగా ఊపితే మా ఆయన తీసేవాడు. నా ముఖం వంక కాకుండా నా తల వంకే చూస్తున్నాడు. ఆరో ఏడో వాల్వుకు నా తల ఊగలేదు. పెన్సిలు తట్టిన చప్పుడు తప్ప ఇంకేం రాలేదు. రెండో సాకెట్లోకి కూడా అట్లాగే ఒకటి ఏరాను.

మాస్టర్ గిటారు ఎత్తుకున్నాడు. మెల్లగా మీటితే మెల్లగా పలికింది. గట్టిగా కొడితే గొంతు వంగి, తర్వాత లేచింది, మా ఆయన చెప్పినట్టే. వార్నిష్ ఆరబెట్టే బట్టీలోంచి తీసిన చుట్టను చేతిలో పట్టుకుంటే తగిలే వెచ్చదనం అందులో ఉంది. మాస్టర్ కళ్ళు మూసుకుని చాలాసేపు వాయించాడు. పక్కింటి వాళ్ళు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

ఆపి, పెద్దగా నవ్వాడు. “వారెవ్వా! చెయ్యి నీది, చెవి నీ పెండ్లాంది! ఇద్దరు గలిసి ఒక్క మెకానిక్! బిడ్డా, నువ్వు లేకుంటె వీడు నాకు సీటీల డబ్బా అంటగడ్తుండె.”

మంచి మాటగానే అన్నాడు. పక్కింటి వాళ్ళు కూడా నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, వాళ్ళు నవ్విన తర్వాత.

పెట్టె ఆటోలో వెళ్ళిపోయింది. మిగిలిన వాల్వులను ముందు పెట్టుకుని, “నేను తట్టి ఇంట, నువ్వు రాసుకో. మల్ల డబ్బా నింపుదాం,” అన్నాను. ఎదురుగా కూర్చునే అన్నాను, వినపడేట్టు.

“ఎవల చెవి రాసుకోవాలె?” అన్నాడు.

“నాదైతె ఏమైతది? నాకు రాయ రాదు. నీకు...” అని ఆగిపోయాను.

డబ్బాకు మూత పెట్టి మంచం కిందికి నెట్టేశాడు.

ప్రెస్సు సెక్షన్ దసరాకు వారం ముందే మూతపడింది. ఆ తర్వాత ఒక పొద్దున, నేను పనికి బయల్దేరుతుండగా, ఇంటి ముందు ఆటో ఆగింది. ఇద్దరు మనుషులు ఒక యాంప్లిఫయర్ దింపారు. “అన్నా, లాలాగూడ మాస్టర్ పంపిండు. గా పాత గొంతు చేసే మెకానిక్ ఇల్లు ఇదేనా? ఇంకో రెండు డబ్బాలు గూడ ఉన్నయ్,” అన్నారు.

మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాళ్ళ పెదవుల వంకే చూస్తూ విన్నాడు.

“గా మెకానిక్ ఇక్కడ లేడు,” అన్నాడు. “ఇల్లు మారిండు.”

“ఎటు పోయిండన్నా?”

“ఎర్కలేదు.”

నేను తలుపు వెనక టిఫిన్ డబ్బా పట్టుకుని ఉన్నాను. ఒక్క అడుగు బయటికి వేసి, ఇదే ఇల్లు, రండి అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. వాళ్ళ ముందు మళ్ళీ నేనే చెవినవుతాను, ఆయన మళ్ళీ వాళ్ళతోపాటు నవ్వాలి. నేను కదలలేదు. వాళ్ళు పెట్టెను తిరిగి ఆటోలోకి ఎత్తారు. బోడుప్పల్ వైపు తిప్పుకుని వెళ్ళారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

ఆ సోమవారం ఆయన మందుల కంపెనీ గేటు దగ్గర చేరాడు. లారీ హారన్ కొడితే ఎక్కడ మిస్సవుతుందోనని రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా కూర్చునేవాడు. డ్రైవర్లకు తెలిసిపోయి లైట్లు వేసేవాళ్ళు. తెల్లరంగు వేసిన రేకు పలకను నీళ్ళ డ్రమ్ము మీద మూతగా పెట్టాను.

చాలా ఏళ్ళ తర్వాత మా బస్తీలో ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట అక్షరాలు నేర్పారు. అందరికన్నా పెద్దదాన్ని నేనే. వేళ్ళు తీగకు అలవాటై పలక మీద సుద్ద నిలిచేది కాదు. ఆరు నెలలకు బస్సుల మీది పేర్లు చదవడం వచ్చింది. ఉప్పల్, నాచారం, నేను సగం బతుకు నడిచిన ఊళ్ళ పేర్లు అట్లా ఉంటాయని అప్పుడు చూశాను.

ఒకరోజు డబ్బా బయటికి లాగాను. ఒక్కటైనా నా గుడ్డ తప్పించుకుని ఉంటుందేమోనని చీర ముక్కలన్నీ విప్పాను. ప్రతి గాజునూ ఆయన చూసినట్టే కిటికీకి ఎత్తి తిప్పాను. తర్వాత రాసిన నెంబర్లు ఉన్నాయి. వాటి కింద ఏమీ లేదు. పని బాగా వచ్చినదాన్ని, శుభ్రంగా తుడిచాను.

ఆయన మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి, “వీటి మీద ఏమేం రాసుకున్నవ్ అప్పుడు? నాకిప్పుడు సదువ వస్తది, చెప్పు,” అన్నాను.

నా పెదవులు ఆగేదాకా చూసి, “యాదికి లేదు,” అన్నాడు.